ఊడ్వని గది

ఉబెర్తీనా పాలొమెకె ఇంటి ముందు గదిని ఆరేళ్ళపాటు ఎవరూ ఊడ్వలేదు.

చావు జరిగిన ఇంటిని మా ఊళ్ళో తొమ్మిది రాత్రులు ఊడ్వరు. పోయినవాళ్ళు ఇంకా ఆ ఇంట్లోనే తిరుగుతుంటారు, దుమ్ముతో కలిపి వాళ్ళను బయటికి గెంటినట్టవుతుందని భయం. తొమ్మిదో రాత్రి జాగారం ముగిశాక, తెల్లవారుతుండగా పీఠం ఎత్తేస్తారు. పోయినవాళ్ళను పంపేస్తారు. అప్పుడు ఎవరో ఒకరు చీపురు పట్టుకుంటారు. ఉబెర్తీనా ఇంట్లో పీఠం ఎత్తలేదు కనుక చీపురూ పట్టలేదు.

పీఠమంటే పెద్దగా ఏమీ కాదు. గోడకు కట్టిన తెల్ల దుప్పటి, దాని మీద నల్ల రిబ్బనుతో చేసిన సీతాకోకచిలుక, కింద మెట్లలా పేర్చిన చెక్కపెట్టెలు, వాటి మీద కొవ్వొత్తులు, పోయినవాళ్ళకు దాహం వేస్తే తాగడానికి ఒక గ్లాసు నీళ్ళు. ఆరేళ్ళలో ఆ దుప్పటి కాఫీ మరక రంగుకు తిరిగింది. సీతాకోకచిలుక రెక్క ఒకటి ఎలుకలు కొట్టేశాయి. గ్లాసులో నీళ్ళు మాత్రం ఆమె రోజూ మార్చేది. నేల మీద దుమ్ము, చచ్చిన పురుగులు, వానకు రేకుల సందుల్లోంచి పడిన ఆకులు. ఆమె గోడ వారగా నడిచి వంటింట్లోకి వెళ్ళేది. వచ్చినవాళ్ళు వెనక వాకిలి నుంచి రావాలి.

ఆమె కొడుకు అర్లేసన్ శవం దొరకలేదు.

ఉబెర్తీనా మంచి మనిషని మా సాన్ అనిసెటోలో ఎవరూ అనరు. నేనూ అనను. చావు ఇళ్ళల్లో ఆమె పాడేటప్పుడు పక్కన నిలబడి, ఎత్తుకున్న మాటకు బదులు పాడడం నా పని. నా గొంతు గురించి ఆమె ఏనాడూ ఒక మంచి మాట అనలేదు. వంద రాత్రులు పక్కన మేలుకున్నా, ఆమె మొహం చూసి మనసులో ఏముందో చెప్పలేం. నవ్వు వస్తే ఆపుకునేది, వచ్చినవాళ్ళు వెళ్ళాక నవ్వేది.

ఆమె పుట్టింది ఏటికి పైన, ఇప్పుడు అడవి మింగేసిన ఒక పాత గని దగ్గర. తల్లి పురిట్లోనే పోయింది. అమ్మమ్మ ఇహీనియా పెంచింది. ఆ ముసలామె పగలంతా నడుము లోతు నీళ్ళలో నిలబడి, చెక్క పళ్ళెంలో ఇసుక కడిగి, అడుగున మిగిలే బంగారు నలుసులు ఏరేది. పళ్ళెం తిప్పుతూ చావు పాటలు పాడేది. వాటిని మేం అలబావోలంటాం. డప్పు ఉండదు, తీగ ఉండదు. ఒక గొంతు ఎత్తుకుంటుంది, మిగతావి బదులిస్తాయి. ఉబెర్తీనా వాటిని ఏట్లో నిలబడే నేర్చుకుంది. తప్పు పాడితే అమ్మమ్మ తడి చేత్తో మూతి మీద కొట్టేదట.

"ఎందుకవ్వా రాత్రంతా మేలుకోడం?" అని ఒకసారి అడిగిందట.

"పగలు దొరది కాబట్టి," అందట ఇహీనియా. "కొనుక్కున్న మనిషి చస్తే పొద్దుగూకే లోపు గోతిలోకి తోసెయ్యమనేవాడు. మర్నాడు మళ్ళీ పనికి రమ్మనేవాడు. ఇంక ఏడ్చేదెప్పుడు? రాత్రొక్కటే మనది. నిద్ర మానుకుని కూర్చున్నారు మనోళ్ళు. పాస్టరూ లేడు, ఫాదరూ లేడు. వచ్చిన ప్రార్థన వచ్చినట్టు పాడుకున్నారు."

"ఇప్పుడు దొర లేడుగా."

"లేడని నువ్వెళ్ళి చూసొచ్చావా? పళ్ళెం తిప్పు."

ఈ ముచ్చట నాకు ఉబెర్తీనాయే చెప్పింది. చెప్పి, అవ్వ చెప్పింది సగమేనంది.

మిగతా సగం ఏమిటో నేను ఒక జాగారంలో విన్నాను. ఎవరి చావో ఇప్పుడు గుర్తు లేదు. ఆడవాళ్ళం లోపల శవం చుట్టూ ఉన్నాం. మగవాళ్ళు వసారాలో డొమినో ఆడుతున్నారు. పడవలు చెక్కే ఎపార్కియో సారా గ్లాసు పట్టుకుని, అసలు ఈ మేలుకోవడం ఎందుకొచ్చిందో చెప్పమని అందరినీ అడుగుతున్నాడు.

"పందులు లాక్కుపోకుండా," అన్నాడొకడు. "మా నాయన కాలంలో ఇళ్ళకి తలుపులెక్కడివి?"

"అదేం కాదు. పోయినోడు నిజంగా పోయాడో లేదో చూడ్డానికి," అన్నాడు ఎపార్కియో. "మా బాబాయి నడిరేయి లేచి కూర్చోలా?"

"లేచి ఏమడిగాడు?"

"సారా అడిగాడు."

"పోశారా మరి?"

"పోశాం. అప్పుడు నిజంగా పోయాడు."

వసారా అంతా నవ్వు. లోపల్నుంచి ఉబెర్తీనా, తల తిప్పకుండానే అంది: "నవ్వండి, నవ్వండి. నిద్రన్నా రాకుండా ఉంటుంది. ప్రేముండి కూర్చుంటున్నామనుకుంటున్నారేమో. ఇది కాపలా. శవాన్ని మననించి కాయాలి, మనల్ని శవం నించి కాయాలి. కునుకు తీసినోడు రెండు పక్కలా ద్రోహం చేసినట్టే."

ఉత్త మాట కాదది. ఎవరైనా కునికితే ఆమె లేచి వెళ్ళి, కొవ్వొత్తి వంచి, వాళ్ళ చేతి మీద ఒక చుక్క మైనం పోసేది. పిల్లలని, ముసలివాళ్ళని చూసేది కాదు. మా ఊళ్ళో చాలామంది చేతుల మీద ఆ గుండ్రటి మచ్చ ఉంది. నాకూ ఉంది.

ఆమె ఇంటి పక్క ఇల్లు క్రిసోస్తమో లేముస్‌ది. రెండిళ్ళకూ మధ్య మురుగు కాలువ ఒక్కటే అడ్డు. క్రిసోస్తమో భార్య లుదీవియా. వాళ్ళ కొడుకు ఎవెలియోకు ఉబెర్తీనా జ్ఞానతల్లి, బాప్తిస్మం నాడు వాడిని ఎత్తుకున్నది ఆమే. ఆ వరసతో ఆడవాళ్ళిద్దరూ వదినా అంటే వదినా అనుకునేవారు. పులుసు గిన్నెలు కాలువ దాటుతూ ఉండేవి.

ఏటి రేవు పక్క నేల క్రిసోస్తమోది. బయటినుంచి ఎవరో పొక్లెయిన్ తెచ్చారు. దానికి అతను నేల ఇచ్చి బంగారంలో వాటా తీసుకున్నాడు. నేలను నిలువునా తవ్వి గుంత చేశారు. మధ్యాహ్నం మిషన్ ఆగినప్పుడు ఊరివాళ్ళు గుంతలోకి దిగి, మిషన్ వదిలేసిన మట్టి కడుక్కోవచ్చు. అది రివాజు. అర్లేసన్ కూడా అలాగే దిగాడు. ఆ రోజు గుంత గోడ జారింది. వాడితో దిగినవాళ్ళు పైకి పాకారు. వాడు రాలేదు.

చీకటి పడేదాకా చేతులతో, పళ్ళేలతో తవ్వాం. మిషన్ పెట్టి తవ్వించమని క్రిసోస్తమోను అడిగాం. చెడిపోయిందన్నాడు. తర్వాత కొద్ది రోజులకే అది బాగుపడింది. బాగుపడి, గుంతను పూడ్చింది. పోలీసులొస్తే గని మూసేస్తారు, ఊరంతా పస్తులుండాలి అన్నాడు. ఊరు ఏమీ అనలేదు. ఊళ్ళో సగం మంది ఆ మట్టి కడుక్కునే తింటున్నారు.

మిషన్ నడిపేవాడు మరో చోటికి వెళ్ళిపోతూ, కొట్టు దగ్గర తాగి ఒక మాట అన్నాడు: "ఆ కుర్రోడు ఆ గోతిలో ఉంటే గదా. అటు చూసి ఏడుస్తారేంటి మీరంతా?" మర్నాటి పడవకు వాడు వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం ఊళ్ళో ఉండిపోయింది.

గుంత పూడ్చేదాకా వాడు దొరుకుతాడని చూసి, అప్పుడు ఉబెర్తీనా పీఠం కట్టింది. శవం లేకుండానే, అప్పటికింకా బతికున్న ఒక ముసలామె పాట ఎత్తుకుంటే, తొమ్మిది రాత్రులు కూర్చున్నాం. ఆఖరి తెల్లవారుజామున మేం దుప్పటి విప్పబోతే ఆమె అడ్డం నిలబడింది.

"ఎవర్ని పంపుతున్నారు?" అంది. "మొహం చూడలేదు. ఒళ్ళు కడగలేదు. లెక్కన ఇది జాగారమే కాదు."

"కట్టినాక ఎత్తాలక్కా," అన్నాను. "ఎత్తకపోతే బిడ్డ అటూ కాకుండా ఇటూ కాకుండా ఉండిపోతాడు."

"ఉండనీ. ఇంట్లోనే ఉండనీ. మీరు పొండి."

వెళ్ళిపోయాం. ఆమె చేసింది తప్పని ముసలివాళ్ళందరూ అన్నారు. నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ మాట ఆమెతో రెండోసారి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

క్రిసోస్తమో ఎదురుపడినప్పుడల్లా ఆమె ఒకటే అడిగేది. రేవులోనైనా, కొట్టు దగ్గరైనా, చర్చి మెట్ల మీదైనా.

"నా కొడుకెక్కడ?"

"ఏటిని అడుగు."

అంతకుమించి ఒక్క మాట లేదు. అతను తర్వాత్తర్వాత ఆమె ఇంటి ముందు నుంచి నడవడం మానేసి, వెనకగా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఆమె చేపలు కడిగిన నీళ్ళు కాలువ దాటించి వాళ్ళ వాకిట్లో పోసేది. లుదీవియా కోళ్ళు ఒక్కొక్కటే కనిపించకుండా పోయాయి. వాటి ఈకలు ఉబెర్తీనా పెరట్లో దాచకుండానే పడి ఉండేవి. లుదీవియా ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగదో ఉబెర్తీనాకు అర్థమయ్యేది కాదు. అర్థం కానందుకు ఆమె కోపం ఇంకా పెరిగేది.

ఆరో ఏటి వానల్లో క్రిసోస్తమో పొట్ట ఉబ్బి, మంచంలో పోయాడు. ఏడుపులు వినిపిస్తూనే ఉన్నాయి. నేను ఉబెర్తీనా వంటింట్లో అరటికాయలు చెక్కు తీస్తున్నాను. లుదీవియా కాలువ దాటి వచ్చి వెనక వాకిట్లో నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"పోయాడు," అంది.

"వింటున్నాలే. నీ కోడలు బానే ఏడుస్తోంది. గొంతుంది."

"పాడ్డానికి రావాలి."

"కిబ్దో పట్నంలో పాడేవాళ్ళు బోలెడుమంది. పడవ పంపించు."

"వాళ్ళకి మన ఏటి పాటలు రావు. పీఠం ఎత్తే పాట అసలే రాదు. నీకు తెలియదా ఏంటి?"

"తెలుసు. తెలిసే చెప్తున్నా."

లుదీవియా పైటకొంగులా కప్పుకున్న నల్ల గుడ్డ సర్దుకుంది. "నీ కాళ్ళు పట్టుకోను వదినా."

"పట్టుకోకు. మళ్ళీ కడుక్కోవాలి."

నేను కత్తి కింద పెట్టాను. అప్పుడు ఉబెర్తీనా, పొయ్యిలో కట్టె ముందుకు తోస్తూ అంది: "వస్తా. వాడి మీద జాలితో కాదు. సరిగ్గా పంపకపోతే వాడు ఏటి మీద తిరుగుతాడు. ఏట్లో నా కొడుకున్నాడు. వాడి దగ్గరికి ఇంకోసారి వీడు పోడానికి వీల్లేదు."

లుదీవియా నోరు తెరిచి మూసింది. అది నేను చూశాను. అప్పుడు దానికి అర్థం తెలియలేదు.

"తిన్నగా పాడతావా?" అంది చివరికి.

"నేనెప్పుడు వంకరగా పాడాను?"

నిజంగానే తిన్నగా పాడింది. ఇన్నేళ్ళలో ఆమె అంత బాగా పాడగా నేను వినలేదు. ఒక్క చరణం దాటెయ్యలేదు, ఒక్క మాట మింగలేదు. వాళ్ళ కాఫీ ముట్టలేదు. తన కాఫీ సీసాలో తెచ్చుకుని తాగింది. రొట్టె ఇస్తే పక్కనున్నవాళ్ళకు పెట్టింది. ఊరు మెత్తబడింది. చావు ముందర పగ నిలవదని, ఆమె క్షమించేసిందని అన్నారు. ఎపార్కియో ఒక్కడే, "అంత బాగా పాడుతోందంటే నాకు భయంగా ఉందే," అన్నాడు.

తొమ్మిదో రాత్రి గడిచి, కోళ్ళు కూశాయి. పీఠం ఎత్తే వేళ. తలుపులు బార్లా తీశారు. పీఠం నుంచి వాకిలి దాకా రెండు వరసల్లో నిలబడి, మధ్యలో దారి వదిలాం. ఆ దారిన పోయినవాడు వెళ్ళాలి. ఉబెర్తీనా ఒక చరణం ఎత్తుకుంటుంది, మేం బదులిస్తాం, ఆమె ఒక కొవ్వొత్తి ఆర్పుతుంది. మళ్ళీ చరణం. మళ్ళీ కొవ్వొత్తి. గది కొంచెం కొంచెంగా చీకటైంది. ఒకటే మిగిలింది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. మేం ఊపిరి పీల్చి చరణం కోసం చూస్తున్నాం.

పాడలేదు. వరస దాటి వచ్చి లుదీవియా ఎదురుగా నిలబడింది.

"నా కొడుకెక్కడ?"

వసారాలో డొమినో పలకల చప్పుడు ఆగిపోయింది.

"అది ఆయన్ని అడగాల్సిన మాట," అంది లుదీవియా.

"అడిగా. చెప్పకుండా చచ్చాడు. ఇప్పుడు నిన్నడుగుతున్నా. చెప్తే పాడతా, ఆర్పుతా, వాడు పోతాడు. చెప్పవా, ఇక్కడే ఉంటాడు నీతో. నీ మంచం కింద. నీ మనవల మధ్య."

ఎవెలియో ముందుకు వచ్చాడు. వాడు ముప్పై దాటిన మనిషి. "పెద్దమ్మా, పాట కానియ్యి. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత నాతో మీకేం పనుంటుంది?"

వాడు కొవ్వొత్తి మీదికి చెయ్యి చాచాడు. వసారాలోంచి ఎపార్కియో పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఇంటివాడు ఆర్పకూడదు. నువ్వార్పితే వాడు నీలోనే కూర్చుంటాడు."

"అయితే నువ్వే ఆర్పు మావా."

"పాట లేకుండానా? నేనా?" ఎపార్కియో ఆ చెయ్యి వదిలేసి వసారాలోకి వెళ్ళిపోయాడు.

ఎవెలియో నా వైపు తిరిగాడు. "పిన్నీ, నువ్వు ఎత్తుకో. నీకు మాటలన్నీ తెలుసు."

"నేను బదులు పాడేదాన్నయ్యా," అన్నాను. "ఆమె ఎత్తుకోకుండా నేను దేనికి బదులు పాడాలి?"

లుదీవియా ఒక పీట లాక్కుని కూర్చుంది. "సరే," అంది. "కూర్చుందాం. కూర్చోడం నీ ఒక్కదానికే వచ్చనుకున్నావా?"

ఉబెర్తీనా ఎదురుగా ఇంకో పీట లాక్కుంది.

తెల్లవారింది. ఎత్తే పాట మొదలై ముగియని ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. ఊడ్వకూడదు. ఆ ఇంటి పిల్లలు ఆకలికి ఏడిస్తే కోడలు వాళ్ళను తీసుకుని పుట్టింటికి పోయింది. జనం కాసేపు వాకిట్లో నిలబడి ఉబెర్తీనాను తిట్టారు. అడ్డుపెట్టకూడని దాన్ని అడ్డుపెట్టిందన్నారు. ఆమె వినిపించనట్టే ఉంది. తిట్టినవాళ్ళు తిండికి ఇళ్ళకు పోయారు. వరసలో పాడేవాళ్ళం నలుగురం మిగిలాం. ఎండకు రేకులు కాలి, ఇంట్లో గాలి మరిగిపోయింది. కొవ్వొత్తి అడుగుకు వస్తే, అది ఆరేలోపే ఉబెర్తీనా దాంతో ఇంకోటి వెలిగించింది. పగటి వెలుగులో ఆ మంట సరిగా కనిపించడం లేదు.

ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ మొహాల్లో ఉన్నది నేను ఇంకెక్కడా చూడలేదు, మళ్ళీ చూడాలనీ లేదు.

మధ్యాహ్నం దాటాక లుదీవియా తల వాలింది. ఉబెర్తీనా ముందుకు వంగి, కొవ్వొత్తి వంచి, ఆమె చేతి మీద మైనం పోసింది. ఒక చుక్క కాదు. లుదీవియా కళ్ళు తెరిచింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. మైనం తెల్లగా గట్టిపడేదాకా దాన్ని చూస్తూ ఉంది.

"ఏట్లో లేడు," అంది. "గోతిలోనూ లేడు."

ఉబెర్తీనా కొవ్వొత్తిని నిటారుగా పట్టుకుంది.

"మిషన్ బకెట్లో పైకొచ్చాడు. గోడ పడ్డ మూడోనాడు. ఈయన పరిగెత్తుకుంటూ వచ్చి దుప్పటి ఇవ్వమన్నాడు. ఎందుకన్నా. ఇవ్వవే ముందు అన్నాడు. నీలం పూలది ఇచ్చా. పాత బడి వెనక, మెరక మీద, ముళ్ళ తాటిచెట్ల మధ్య పెట్టారు. శవం కనిపిస్తే మిషన్ పోద్ది, ఊరు మనల్ని బతకనివ్వదు అన్నాడు."

"నీకు తెలుసు."

"దుప్పటి ఇచ్చినప్పుడే తెలుసు."

"నా కోళ్ళకంటే నీ కోళ్ళనే ఎక్కువ తిన్నాను నేను. నువ్వడగలేదు."

"ఎట్టా అడగను?"

"ఆరేళ్ళు నా గోడ పక్కనే పడుకున్నావు."

"పడుకున్నాననే అనుకున్నావా?" లుదీవియా గొంతు మొదటిసారి పెరిగింది. "ఆ రాత్రి నేను కూర్చున్నా. వంటింట్లో. దీపం పెడితే ఆయన చూస్తాడని చీకట్లోనే కూర్చున్నా, తెల్లారేదాకా. బిడ్డ మట్టిలోకి పోయిన రాత్రి ఎవరో ఒకరు మేలుకోవాలి గదా అని. పాట రాదు నాకు. ఊరికే కూర్చున్నా."

నేనైతే అక్కడ కరిగిపోయేదాన్ని. మాలో ఒకామె అప్పటికే ముక్కు చీదుతోంది. ఉబెర్తీనా మొహంలో ఇంతవరకూ లేనిది ఒకటి వచ్చింది. అది కరగడం కాదు.

"ఆ రాత్రి నాది," అంది నెమ్మదిగా. "నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"బిడ్డని దాచావు. సరే, మొగుడికి భయపడ్డావు. భయపడని ఆడదెవరు? వాడి కోసం మేలుకునే రాత్రి ఒకటుంటది చూడు, అది తల్లిది. దాన్ని కూడా నువ్వే తిన్నావు. ఆ రాత్రి నేను ఈ కాలువ అవతలే పడుకుని నిద్రపోయాను. నిద్రపోయానే నేను. నాకు తెలిస్తే పోతానా? అది నీకు ఒదలను."

"ఒదలొద్దు," అంది లుదీవియా.

ఉబెర్తీనా లేచింది. కాళ్ళు పట్టేసి ఒక క్షణం గోడ పట్టుకుంది. "లేవండే," అంది మాతో. నలుగురం రెండు వరసలయ్యాం. ఆమె ఆఖరి చరణం ఎత్తుకుంది. పట్టపగలు, ఖాళీ ఇంట్లో, మొదటి రాత్రి ఎంత నిదానంగా పాడిందో అంత నిదానంగా పాడింది. మేం బదులిచ్చాం. రెండు వేళ్ళ మధ్య వత్తి నలిపింది. అక్కడ పోయినవాళ్ళతో దేవుడి తోడుగా వెళ్ళు అనాలి. ఆమె ఇలా అంది:

"పో క్రిసోస్తమో. వెనక్కి చూడకు. ఇక్కడ నీకేం మిగల్లేదు."

తర్వాత దుప్పటి తనే విప్పి, మడిచి, లుదీవియా ఒళ్ళో పెట్టి బయటికి నడిచింది.

పాత బడి వెనక తవ్వడానికి మగవాళ్ళు వచ్చారు. ఆరేళ్ళ కిందట నోరు మెదపని మగవాళ్ళే. వాళ్ళ చేతుల్లో పారలున్నాయని ఉబెర్తీనా వాళ్ళను ఏమీ అనలేదు. ముళ్ళ తాటిచెట్ల వేళ్ళు నరికి తవ్వితే నీలం పూలు కనిపించాయి. బట్ట చాలావరకు మట్టిలో కలిసిపోయింది, పూలు మాత్రం పోలేదు. ఎముకలను ఆమె ఏట్లో కడిగింది. అమ్మమ్మ పళ్ళెంలో, ఇసుక కడిగినట్టే తిప్పి కడిగింది. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆ పాత పీఠం ముందే మళ్ళీ తొమ్మిది రాత్రులు కూర్చున్నాం. తల్లి తన బిడ్డకు పాడకూడదు. నేను ఎత్తుకోవలసి వచ్చింది. ఎప్పుడూ బదులు పాడిన గొంతు, ముందు నడవడం దానికి తెలియదు. రెండు చోట్ల పగిలింది. తప్పు పాడినచోటల్లా ఉబెర్తీనా తల ఎత్తి నన్ను చూసింది. చెయ్యి తడిగా ఉంటే కొట్టేదే.

మొదటి రాత్రే లుదీవియా వచ్చింది. ముందు వాకిట్లోంచి, నెత్తిన కట్టెల మోపుతో. అందరూ అటే చూశారు. మోపు దించి, తలుపు పక్కన, ఆ ఊడ్వని నేల మీదే చతికిలబడింది.

"దానికి కాఫీ ఇవ్వండే," అంది ఉబెర్తీనా. "పంచదార వెయ్యకండి."

లుదీవియా ఆ చేదు కాఫీ తాగింది. అన్ని రాత్రులూ వచ్చింది. అన్ని రాత్రులూ అలాగే తాగింది.

ఆఖరి రాత్రి, కోళ్ళు కూసే ముందు, ఉబెర్తీనా కళ్ళు మూతపడ్డాయి. ఆమె అలా కునకడం మేం ఎవరం ఎప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో మాకు తోచలేదు. తలుపు దగ్గర నుంచి లుదీవియా లేచింది. పీఠం మీది కొవ్వొత్తి ఒకటి తీసుకుని వచ్చి, ఉబెర్తీనా చేతి మీద వంచింది.

ఉబెర్తీనా కళ్ళు తెరిచి చేతిని చూసుకుంది. తర్వాత ఎదుట ఉన్న మనిషిని చూసింది.

"మైనం పొయ్యడం కూడా రాదు నీకు," అంది. "మణికట్టు మీద పోస్తారటే ఎవరైనా?"

లుదీవియా కొవ్వొత్తి తీసుకెళ్ళి ఉన్న చోటే పెట్టింది.

పీఠం ఎత్తాం. ఎలుకలు కొట్టిన సీతాకోకచిలుకను, కాఫీ రంగు దుప్పటిని మడిచాం. రెండు వరసల మధ్య నుంచి అర్లేసన్ వెళ్ళిపోయాడు. ఉబెర్తీనా వాకిలి దాకా ఆ ఖాళీ దారి వెంట నడిచి, గుమ్మంలో ఆగి, చాలాసేపు ఏటి వైపు చూసింది. ఏడ్చిందో లేదో వెనక నుంచి మాకు కనిపించలేదు.

జనం వెళ్ళాక ఆమె చీపురు అడిగింది. నేను ఊడుస్తానంటే ఇవ్వలేదు. ఆరేళ్ళ దుమ్ము, పురుగులు, ఆకులు, మైనం పెళ్ళలు అన్నీ గుమ్మం దాకా తోసుకొచ్చింది. అప్పటికి ఏటి మీద నుంచి గాలి లేచింది. ఆమె గుమ్మంలోంచి తోసిన దుమ్ము కాలువ దాటి, లుదీవియా అప్పుడే ఆరేసిన బట్టల మీదికి పోయింది. లుదీవియా కిటికీలోంచి చూసింది.

"గాలి అటుందక్కా," అన్నాను.

"చూశా," అని, ఉబెర్తీనా ఇంకోసారి ఊడ్చింది.